జవాబులు సరిచూసుకోవచ్చునా?



మొన్న వేసవిలో ఒక ఆదివారం మా విహారంలో వందన అయిపోయి అందరం చాయ్ తాగుతుంటే ఒక తల్లి లేచి అడిగింది. "పిల్లలు పరీక్ష రాసి బయటికి రాంగనే నీకేమొచ్చింది, నాకేమొచ్చింది అని ఒకటే ముచ్చట. ఒకటి తప్పయిందని తెలిస్తే ఇంటికొచ్చి అన్నం ముట్టరు. ఏడుస్తరు. ఇది ధమ్మం ప్రకారం సరైనదేనా? వద్దని చెప్పాల్నా?"

మాలో పెద్దవాడైన ఒక ఉపాసకుడు వెంటనే జవాబిచ్చాడు. గతాన్ని పట్టుకుని వేలాడవద్దని బుద్ధుడు చెప్పాడు, రాసింది రాసేశారు, ఇక దాని వెంటబడటం దుఃఖాన్ని కొని తెచ్చుకోవడమే, కాబట్టి వద్దని చెప్పాలి అన్నాడు. అందరూ తలలూపారు. నేనూ ఊపాను. కానీ ఇంటికి పోతుంటే ఆ జవాబు గొంతులో ముల్లులా కుచ్చుకుంది. ఎందుకంటే అంతకు ఒక వారం ముందే నేను ఒక పరీక్షా కేంద్రం గేటు దగ్గర నిలబడి ఉన్నాను.

మా చెల్లె బిడ్డ ఎప్‌సెట్ రాసింది. మన ఇళ్లలో ఇప్పటికీ ఎంసెట్ అనే అంటాం. ఇంజనీరింగ్ పేపరు, 3 గంటలు, 160 ప్రశ్నలు. అందులో సగం, అంటే 80, లెక్కలే. పొద్దున 9 గంటల సెషన్. పన్నెండు దాటినంక పిల్లలు బయటికి వస్తున్నారు. మే నెల ఎండ. గేటు పక్కన ఒక వేపచెట్టు, దాని కింద తల్లిదండ్రులు, చెరుకురసం బండి. మా పిల్ల వచ్చి నా దగ్గర నీళ్ల సీసా తీసుకుని తాగి, మళ్లీ తన జతగాళ్ల గుంపులోకి పోయింది. నేను బీఏ చదివినోణ్ణి. లెక్కలు పదో తరగతితోనే నన్ను వదిలేశాయి, నేనూ వాటిని వదిలేశాను. అయినా పక్కన నిలబడి విన్నాను.

సైన్ ఎక్స్, ఎక్స్ బై 10 కి సమానం కావాలి. ఎక్స్‌కు ఎన్ని వాస్తవ విలువలు ఉంటాయి? ఇదీ ప్రశ్న.

ఒకరు మూడు అన్నారు. ఒకరు ఆరు అన్నారు. మా పిల్ల ఏడు అన్నది, మెల్లగా.

ఆరు అన్నవాడు పేరున్న కోచింగ్ పిల్లవాడు. ధీమా మాటలోనే తెలిసిపోతుంది. "కుడి దిక్కు మూడు, ఎడమ దిక్కు మూడు, ఆరు. మా సారు ఇట్లాంటివి యాభై చేపిచ్చిండు" అన్నాడు. చుట్టూ ఉన్న ముఖాలు మారిపోయాయి. నాదీ ఆరే, నాదీ ఆరే. మా పిల్లను చూసి నవ్వుతూనే అన్నాడు, "నీకేందిలే, ఎంత రాసినా సీటొస్తది." అప్పుడు మా పిల్ల అన్నది: "లే, నేను కూడా ఆరే పెట్టిన."

బస్సులో కిటికీ పక్కన కూర్చుని చాలాసేపు మాట్లాడలేదు. ఊరు దగ్గరపడ్డాక అన్నది, "మామా, నేను ఏడే పెట్టిన." మరి ఆరని ఎందుకు చెప్పినవు అంటే, "ఏమో" అన్నది.

ఇంటికొచ్చినంక వాకిట్లో మట్టిలో పుల్లతో గీసి చూపించింది. సైన్ అనేది ఒక అల. ఒకటికీ మైనస్ ఒకటికీ మధ్యనే పైకి లేస్తుంది, కిందికి దిగుతుంది, ఎప్పటికీ అంతే. ఎక్స్ బై 10 అనేది ఒక గీత, నడిమధ్యలోంచి ఏటవాలుగా నిదానంగా పైకి పోతుంది. రెండూ ఎక్కడెక్కడ కలుస్తాయో అన్నే జవాబులు. ఎక్స్ 10 దాటిందంటే గీత ఒకటి కన్నా పైకి పోతుంది, అల ఇక అందుకోలేదు. ఆ లోపల కుడివైపు మొదటి గుట్ట దిగేటప్పుడు ఒకసారి కలుస్తుంది, రెండో గుట్టను ఎక్కేటప్పుడు ఒకసారి, దిగేటప్పుడు ఒకసారి. మొత్తం మూడు. ఎడమవైపు కూడా అచ్చం అట్లనే మూడు. "ఇగ నడిమిట్ల సున్నా కాడ చూడు మామా, సున్నా సైను సున్నానే, సున్నా బై 10 సున్నానే. ఆడ కూడా కలిసినయి గదా. అది లెక్కపెట్టరా?" సైన్ అంటే తెలియని నాకు కూడా అర్థమైంది. ఏడే. మూడు అన్నవాళ్లు ఎడమవైపు మరిచారు, ఆరు అన్నవాళ్లు సున్నాను మరిచారు.

ఇప్పుడు ఆ తల్లి అడిగిన ప్రశ్నకు వద్దాం.

గతం వెంట పోవద్దన్న మాట మజ్ఝిమ నికాయంలో 131వ సుత్తంలో ఉంది. మనవాళ్లు ఆ ఒక్క మాటే పట్టుకుంటారు. కానీ గతం వెంట పోవడమంటే ఏమిటో అదే సుత్తంలో బుద్ధుడు విడమర్చాడు. నేను అప్పుడు ఇట్లా ఉంటిని, నాకు అప్పుడు ఇట్లా అనిపించింది అని తలుచుకుని, దానిలో మనసును ముంచి దానికి అతుక్కుపోవడం గతం వెంట పోవడం. అదే సంగతిని అతుక్కోకుండా తలుచుకుంటే అది వెంట పోవడం కాదు. అంటే జ్ఞాపకం చేసుకోవడాన్ని బుద్ధుడు తప్పు పట్టలేదు. మా పెద్దాయన మీద నాకు గౌరవం ఉంది, కానీ ఆ ఆదివారం ఆయన సగమే చెప్పాడు. నేను సగానికే తలూపాను.

మిగతా సగం రాహులుడికి చేసిన ఉపదేశంలో దొరుకుతుంది. రాజగృహం దగ్గర అంబలట్ఠికలో ఉన్న తన కొడుకు దగ్గరికి బుద్ధుడు వెళ్తాడు. కాళ్లు కడుక్కుని, గిన్నెలో కొంచెం నీళ్లు మిగిల్చి, ఆ మిగిలిన కొద్ది నీళ్లు చూపించి అబద్ధం గురించి మొదలుపెడతాడు. తెలిసి అబద్ధమాడటానికి సిగ్గుపడనివాడిలో శ్రమణత్వం ఇంత కొంచెమే అంటాడు. ఆ నీళ్లు పారబోసి, గిన్నెను బోర్లించి, మళ్లీ తిప్పి, ప్రతిసారీ ఒక మాట. పిల్లవాడికి అర్థమయ్యేటట్టు పాఠం చెప్పే పద్ధతి అది. నవ్వులాటకైనా అబద్ధం వద్దంటాడు. తర్వాత అద్దం దేనికి అని అడుగుతాడు. చూసుకోవడానికి. అట్లాగే చేతను, మాటను, మనసును కూడా చూసుకోవాలి. చేయకముందు చూసుకోవాలి, చేస్తున్నప్పుడు చూసుకోవాలి, చేసిన తర్వాత కూడా చూసుకోవాలి. చేతలోనో మాటలోనో తప్పు కనబడితే గురువు దగ్గరో తెలివైన సహచరుల దగ్గరో దాచకుండా చెప్పుకోవాలి, ఇకముందు జాగ్రత్తపడాలి. మంచి కనబడితే సంతోషపడి దాన్నే ఇంకా సాధన చేయాలి. అశోకుడు బైరాట్ దగ్గరి శాసనంలో భిక్షువులూ భిక్షుణులే కాదు, ఉపాసకులూ ఉపాసికలూ కూడా తరచుగా వినాల్సినవని కొన్ని ధమ్మ పాఠాల పేర్లు చెక్కించాడు. అబద్ధం గురించి రాహులుడికి చెప్పినది అందులో ఒకటి.

చేసిన తర్వాత కూడా చూసుకోమంటున్నాడు గదా. అట్లయితే పరీక్ష తర్వాత జవాబులు సరిచూసుకోవడం అద్దం చూసుకోవడమే. సున్నాను మరిచిపోయాను అని తెలుసుకున్న పిల్ల మళ్లీ మరిచిపోదు. అది ప్రజ్ఞకు దారి. దీన్ని వద్దనే ధమ్మం నాకైతే కనబడలేదు.

మరి గేటు దగ్గర జరిగింది అద్దం చూసుకోవడమేనా? కొంత అదే. ఎక్కువ భాగం కాదు. అక్కడ పిల్లలు లెక్కను చూడటం లేదు, ఒకరినొకరు చూసుకుంటున్నారు. ఎవరి జవాబు ఎవరికి కలిసింది, ఎవరు పైన, ఎవరు కింద. సోణుడనే గృహస్థు కొడుకుతో బుద్ధుడు ఈ సంగతే మాట్లాడాడు. నేను గొప్ప, నేను సమానం, నేను తక్కువ. ఈ మూడు రకాల తూకం ఉన్నదాన్ని ఉన్నట్టు చూడనివ్వదు. గొప్ప అనుకోవడమే అహంకారమని మనం అనుకుంటాం. తక్కువ అనుకోవడం కూడా అదే తక్కెడ. మా పిల్ల పుల్లతో గీసి నిరూపించగల జవాబును, తన చేతితో పెట్టిన జవాబును, నాది కాదని చెప్పింది. ముసావాదం నాలుగో శీలం. బాబాసాహెబ్ 1956 అక్టోబర్ 14న నాగ్‌పూర్‌లో లక్షల మందితో చేయించిన 22 ప్రతిజ్ఞల్లో అబద్ధమాడను అన్నది కూడా ఉంది. మా పిల్ల ఆ ప్రతిజ్ఞలు కంఠతా చెబుతుంది. అయినా అబద్ధమాడింది. నేను కోప్పడలేదు. కోప్పడితే ఆ అబద్ధంలో సగం ఎవరిదో నాకు తెలియనట్టు నటించినట్టు అవుతుంది.

"నీకేందిలే, ఎంత రాసినా సీటొస్తది." ఆ మాట సంగతి కొంచెం చూద్దాం. ఎప్‌సెట్‌లో ఎస్సీ, ఎస్టీ పిల్లలకు కనీస అర్హత మార్కులు లేవన్నది నిజం. మిగతావాళ్లకు 25 శాతం ఉంది, అంటే 160కి 40. ఇప్పుడు లెక్క వేయండి. ప్రతి ప్రశ్నకు నాలుగు జవాబులు ఇస్తారు. తప్పుకు మార్కు కొయ్యరు. ప్రశ్న చదవకుండా, కళ్లు మూసుకుని 160 నొక్కితే సగటున నాలుగింటికి ఒకటి తగులుతుంది. నలభై! అంటే మెరిట్‌కు గుర్తుగా చూపించే ఆ గీత, గుడ్డిగా నొక్కితే సగటున ఎంతొస్తుందో సరిగ్గా అక్కడే ఉంది. ఆ గీత మనకు లేదని మనల్ని చిన్నచూపు చూస్తున్నారు. దాని పైన ర్యాంకు అంటారా, ర్యాంకు వేరే సంగతి, దాని వెనక ఏడాదికి లక్షలు పోసిన ఫీజులు, ఏసీ గదులు, ఇంట్లో చదువుకున్న తండ్రి, ఇవన్నీ ఉంటాయి. ఆ పిల్లవాడు చెడ్డవాడని నేననను. వాడికి ఆ మాట ఇంట్లోనో క్లాసులోనో ఎవరో ఉచితంగా ఇచ్చారు, వాడు పరీక్షించకుండా తీసుకున్నాడు.

పరీక్షించకుండా తీసుకోవడం గురించే కదా కేసపుత్తంలో కాలాములకు చెప్పింది. విన్నామనో, పరంపరగా వస్తోందనో, గ్రంథంలో ఉందనో, చెప్పినవాడు మన గురువనో ఒప్పుకోవద్దు. ఆరు అన్న జవాబును అంతమంది ఎందుకు ఒప్పుకున్నారు? ఎవరూ గీసి చూడలేదు. చెప్పినవాడి కోచింగ్ పేరు చూశారు. గుంపు చూశారు. ఒక పుల్ల విరిచి అక్కడే మట్టిలో గీసి ఉంటే రెండు నిమిషాల పని. ధమ్మానికి ఏహిపస్సికో అని పేరు, వచ్చి చూడు అని. లెక్క కూడా అంతే. లెక్కకు కులం తెలియదు, చెప్పినవాడి మీద మొహమాటం లేదు.

లెక్కకు తెలియదు గానీ లెక్క చెప్పే గదికి తెలుసు. బొంబాయి హైస్కూల్లో బాల భీమ్‌రావును బోర్డు మీద ఒక లెక్క చేయమని మాస్టారు పిలిచిన సంగతి ధనంజయ్ కీర్ రాశాడు. పిల్లలంతా గోల చేస్తూ లేచి ముందుకు ఉరికారు. బోర్డు వెనక వాళ్ల అన్నం డబ్బాలున్నాయి, ఆ పిల్లవాడు బోర్డును తాకితే అవి మైల పడతాయట. డబ్బాలు తీసేసినంక గానీ బోర్డు తాకనివ్వలేదు. లెక్క సరిగ్గా వచ్చిందా లేదా అని ఆ రోజు ఆ గదిలో ఎంతమంది చూసి ఉంటారు? మా పిల్ల డబ్బాలు ఎవరూ జరపలేదు, నిజమే. నవ్వుతూ ఒక మాట అన్నారు, ఆమే తన జవాబును తీసి పక్కన పెట్టుకుంది.

ఇంకో సంగతి. పరీక్ష అయిన కొద్ది రోజులకు పరీక్ష పెట్టినవాళ్లు ప్రాథమిక కీ విడుదల చేస్తారు. అభ్యంతరాలు ఉంటే ఫలానా తేదీలోపు ఆధారాలతో పంపమంటారు. నిపుణులు చూసి తుది కీ ఇస్తారు. కొన్నిసార్లు జవాబు మారుతుంది. జేఈఈ మెయిన్‌కైతే ప్రశ్నకు 200 రూపాయలు కట్టి సవాలు చేయాలి, పేద పిల్లలకు అది కూడా బరువే. అయినా ఆ పద్ధతిలో ఒక మంచి ఉంది. మేమూ పొరపాటు పడవచ్చు, చూపించండి, దిద్దుకుంటాం అని పరీక్ష పెట్టినవాడే ఒప్పుకుంటున్నాడు. అభ్యంతరాలు తీసుకోని కీ ఒకటి మన తాతముత్తాతల మీద వేల సంవత్సరాలు నడిచింది. దానికి జవాబుగానే 1927 డిసెంబర్ 25న మహాడ్‌లో బాబాసాహెబ్ సమక్షంలో మనుస్మృతిని కాల్చారు.

అందాజుగా నొక్కడం గురించి కూడా ఒక పిల్లవాడు నన్ను అడిగాడు, అది మోసమా అని. కాదు. తప్పుకు మార్కు కొయ్యని పరీక్షలో తెలియనిదానికి ఏదో ఒకటి నొక్కమని ఆ నియమమే చెబుతోంది. కానీ బయటికొచ్చాక "అది నాకు వచ్చు" అంటే అక్కడ అబద్ధం మొదలైంది. వేరేవాళ్లకు చెప్పిన అబద్ధం కన్నా, తనకు తాను చెప్పుకున్నది ఎక్కువ నష్టం. తగిలింది అని తెలిసినవాడు ఇంటికెళ్లి నేర్చుకుంటాడు. వచ్చు అనుకున్నవాడు నేర్చుకోడు.

ఇక అన్నం ముట్టని పిల్లల సంగతి. ఇది అన్నిటికన్నా పెద్దది, నేను తేలిగ్గా మాట్లాడదలచుకోలేదు. 2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్ ఫలితాలు వచ్చినప్పుడు ఇరవై మందికి పైగా పిల్లలు ప్రాణాలు తీసుకున్నారు. ఆ ఫలితాల్లోనే తెలుగులో సున్నా వేసిన ఒక అమ్మాయికి మళ్లీ చూస్తే 99 వచ్చాయి. బుద్ధుడు రెండు బాణాల సంగతి చెప్పాడు. మొదటి బాణం తగిలిన నొప్పి అందరికీ ఉంటుంది, అర్హంతుడికీ ఉంటుంది. దాని మీద విలపించి, నేనింతే, నా బతుకింతే అనుకోవడం రెండో బాణం. ఒక లెక్క తప్పయింది, ఒక మార్కు పోయింది, అది మొదటి బాణం. రెండోది చాలాసార్లు పిల్లలు వేసుకునేది కాదు, మనం వేసేది. గేటు దగ్గరే "ఎన్ని కరెక్టొచ్చినయి?" అని అడుగుతాం. ఫోన్ తీసి మేనత్తకు, బాబాయికి చెబుతాం. పక్కింటి పిల్లకు ఎంతొచ్చిందో పిల్ల వినేటట్టే అంటాం.

విహారాల్లో కూడా మనం తక్కువేమీ కాదు. ర్యాంకు వచ్చినవాళ్లకు శాలువా, ఫ్లెక్సీ, జై భీమ్ నినాదాలు. రానివాళ్లు వెనక చాపల మీద తల దించుకుని కూర్చుంటారు. మన పిల్లలు పైకి రావాలి, అందులో నాకు రెండో మాట లేదు. కానీ బాబాసాహెబ్ తన 'బుద్ధుడు–ఆయన ధమ్మం' కోసం రాసుకున్న ముందుమాటలో ఒక సంగతి చెప్పుకున్నారు. ఆయన ఇంగ్లీషు నాలుగో తరగతి పాసైనప్పుడు, మన జనంలో అంత చదివినవాడు లేడని, సభ పెట్టి సన్మానిస్తామని వాడవాళ్లు వచ్చారు. తండ్రి రాంజీ ఒప్పుకోలేదు. పరీక్ష పాసయ్యాడు, అంతకన్నా ఏం చేశాడు, పిల్లవాడికి తలకెక్కుతుంది అన్నాడు. చివరికి దాదా కేలూస్కర్ నచ్చజెప్పి సభ జరిపించాడు. ఆ సభలో ఆయన ఆ పిల్లవాడికి ఇచ్చింది శాలువా కాదు, తాను రాసిన బుద్ధుడి జీవిత చరిత్ర. ఆ పుస్తకం ఎటు తీసుకుపోయిందో మనకు తెలుసు. రాంజీ మాట కూడా నాకు ఆ పుస్తకమంత విలువైనదిగానే తోస్తుంది.

కాబట్టి తర్వాతి ఆదివారం ఆ తల్లితో నేను చెప్పింది ఇది. ఆపకమ్మా. ముందు అన్నం పెట్టు. ఇంటర్ పరీక్షలైతే రేపటి పేపరు ఉంటుంది, అవి అయ్యేదాకా ఆగమను. తర్వాత పెన్నూ కాగితం తీసి చేసి చూసుకోమను, ఒక్కరో ఇద్దరో నమ్మకమైన దోస్తులతో, గుంపులో వద్దు. ఎన్నొచ్చినయని నువ్వు అడగకు, ఎక్కడ మరిచినవో అడుగు. ఆమె "నాకు లెక్కలు రావు కదా" అన్నది. నాకూ రావు అన్నాను.

మా పిల్లకు రాహులుడి సంగతి చెప్పాను. గిన్నె సంగతికి నవ్వింది. దాచకుండా సహచరులకు చెప్పుకోవడం అన్న దగ్గర మాత్రం కాసేపు ఊరుకుంది. రాత్రి డాబా మీదికెళ్లి, ఆ రోజు గేటు దగ్గర పక్కనే ఉన్న దోస్తుకు ఫోన్ చేసింది. "నేను ఆరు పెట్టలేదే, ఏడు పెట్టిన, అబద్ధం చెప్పిన" అన్నది. అవతలి పిల్ల కొంచెంసేపు ఏమీ అనలేదట. తర్వాత అన్నదట, "నేను మూడు పెట్టిన." ఆమె కూడా ఆ రోజు ఆరే అన్నది. అసలు ఆ గుంపులో ఆరు పెట్టినవాళ్లు ఎంతమందో ఇప్పటికీ తెలియదు. ఎడమ దిక్కు ఎందుకు లెక్కపెట్టాలో మా పిల్ల ఫోన్‌లోనే చెబుతూ కూర్చుంది. పది దాటినంక నేను పడుకున్నాను, అప్పటికి ఇంకా సున్నా దగ్గరికి రాలేదు.